‘ప’ లేని భాషలో

మూడు వేళ్లు పోయిన చేతిని
ప్లాస్టిక్ కవర్ల దాచుకొని వచ్చిండు లింబాద్రి.
సిగ్గుకు కాదట.
బస్సుల పక్క సీటు పిల్ల జడుసుకున్నదట, అందుకు.

షార్జాల, రోలా వెనక గల్లీల
మా టైపింగ్ సెంటర్.
రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను,
ఏసీ నీళ్లు పట్టే పెయింటు డబ్బా.
పదకొండేండ్ల కింద చాయలు మొయ్యవచ్చి
కుడి నుంచి ఎడమకు రాసుడు నేర్చిన.
ఈ భాషల ‘ప’ లేదు.
నేను పోశెట్టిని, బతాకాల బోశెట్టిని.
పని, పైసలు, పరిహారం,
మూడింటికీ మొదటి అక్షరం లేని కీబోర్డు మీద
దినాం ఎవరిదో ఒకరి కష్టం కొడుత.

"క్యాంపు సజాల" అన్నడు.
"జాగ పేరే సజా అన్నా,
ఏం తప్పు చేసినమని పెట్టిన్రో."
ఆయన నవ్విండు.

అల్యూమినియం కోసే మిషను. మూత విరిగి నెల.
ఫోర్‌మన్‌కు చెప్పిండు. సూపర్‌వైజర్‌కు చెప్పిండు.
ఆఖరికి మిషనుకే చెప్పిండట,
"జర చూసుకోవే" అని.
కంపెనీ ఏమంటదంటే,
గదిల ఉల్లిగడ్డ కోసుకుంటుంటే తెగినయట.
మూడు వేళ్లు. ఒక్క ఉల్లిగడ్డకు.

మా అమ్మ బీడీలు చుట్టేది.
ఆకు తక్కువ తూచిన్రని ఒకనాడు
నలభై మంది ఆడోళ్లు కార్ఖానా గేటుకడ్డం కూసుంటే
పొద్దుమీకి సేటు తక్కెడ మార్చిండు.
ఇక్కడ గేటు ముందు ముగ్గురు నిలవడితే
నాలుగోటోడు పోలీసు.
ఇక్కడ సంఘమంటే పన్నెండు మంచాలు, ఒక్క స్టవ్వు,
ఇంటికి పోయేటోని టికెట్టుకు తలా ఇరవై.

కవర్ల నుంచి కాగితం తీసిండు.
"దవాఖానల ఏలిముద్ర ఏయించుకున్నరు. ఏమున్నదో చదువన్నా."
నాకు రావాల్సినవన్నీ ముట్టినయి,
ఏ కోర్టులనూ అడుగను.
తారీకు నాలుగు.
రెండో వరుసల ఒక ‘బ’ రెండుసార్లు పడ్డది.
నా వెన్ను సల్లవడ్డది.
మా కీబోర్డుల ఆ మీట ఇరుక్కుంటది.

మందూబు వచ్చిండు ఆనాడు, కారు తాళాలు తిప్పుకుంట.
ఎవరి పేరో చూడలే.
పేర్లు చూసుకుంట కూసుంటే పొద్దుగూకదు.
పదిహేను దిర్హాములు.

బిల్లుబుక్కు తిరగేసిన.
నీలంగ, సగం మాసిపోయి, కార్బన్ కాపీ:
తారీకు పదకొండు.
చెయ్యి తెగింది తొమ్మిదిన.
నాలుగున ముట్టినయన్న కాగితం
పదకొండున పుట్టింది, నా పది వేళ్ల కింద.

వెంటనే చెప్పలే.
చాయ తెప్పించిన.
నా వీసా సేటు చేతిల,
సేటు దుకాణం కిరాయి మందూబు కాగితాల మీద.
లింబాద్రి ఎడమచేత్తో తాగిండు, బాగా సల్లారినంక.

"అన్నా, ఇది నేనే కొట్టిన."
ఆయన నన్ను చూడలే, కాగితం దిక్కే చూసిండు.
"మంచిగనే కొట్టినవు" అన్నడు.
ఇంకొంచెంసేపటికి,
"అయితే ఇంకోటి కొట్టు."

కొట్టిన.
జీతం రసీదులు ఇరవై రెండు,
అన్నిటి మీద కుడిచేతి సంతకమే,
‘ద్రి’ కింద పొడుగు గీతతోని.
సంతకం వచ్చినోడు, చెయ్యి బాగున్న నాలుగో తారీకున
ఎడమ బొటనేలు సిరాల ఎందుకు ముంచిండు?
జడ్జి సాబును ఈ ఒక్కటే అడిగిన.
జతచేసినవి: రసీదులు. దవాఖాన చీటి.
బిల్లుబుక్కు పేజీ, ఒకటి.

సాక్షి, అని కొట్టి ఆగిన.
డబ్బాల ఒక్కొక్క చుక్క పడుతున్నది.
సేటు నమాజుకు పోయిండు, వచ్చే యాళ్లయింది.

బోశెట్టి అని కొట్టిన.
మీట ఇరుక్కున్నది, ‘బ’ రెండుసార్లు పడ్డది.
దిద్దలే.