మందలింపు

నాంపల్లి కోర్టు మూడో అంతస్తులో
బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలుస్తాడు.
మొదట ఎల్లేశ్ అని,
తర్వాత ఎల్లేశం అని,
చివరికి కాగితంలో ఉన్నట్టు
గాండ్ల ఎల్లేశం, తండ్రి లేట్ కిష్టయ్య అని.
చచ్చిన మా నాయన కూడా
రెండు వారాలకోసారి నాతో హాజరవుతాడు.

నేరం రుజువైంది. జైలు మాత్రం కాస్త పక్కకు జరిగి నిలబడింది.
"ఏడాది," అన్నారు జడ్జి గారు.
"ఎర్రగడ్డలో చికిత్స, ఇక్కడ హాజరు.
తప్పితే ఈ ఫైలు మళ్లీ తెరుస్తాను."
జేబులో దొరికింది ఎంత చిన్న పొట్లమో
పంచనామాలో గ్రాములతో సహా ఉంది.
దాని వెనక ఆకలి ఎంతదో
తూచే కాటా పోలీసుల దగ్గర లేదు.

జామీను సంతకం అండాలక్కది.
మొజంజాహీ మార్కెట్ ముందు రోడ్డూడ్చే మనిషి.
ఆమె జీతం చీటీ మడతల్లోంచి దుమ్ము రాలితే
గుమాస్తా ఉఫ్‌మని ఊది ముద్ర కొట్టాడు.
అక్క కలానికి మూత పెట్టి తిరిగిచ్చి
నా మొహం చూడకుండా మెట్లు దిగిపోయింది.
ఆ రోజు నుంచి నన్ను మందలియ్యలే.
అన్నం పెడుతుంది,
గిన్నె చప్పుడుతో పిలుస్తుంది,
మాట మాత్రం లేదు.

మొదటి పది రోజులు
నా ఎముకల్లో ఎవరో బోరు వేశారు.
తర్వాతవన్నీ చిన్న చిన్న పనులే.
పొద్దున నర్సు ముందు నాలుక కింద మాత్ర,
కరిగేదాకా నోరు తెరవొద్దు.
బుధవారం గుండ్రంగా వేసిన కుర్చీలు,
నోరు తెరవక తప్పదు.
ఆపైన ప్లాస్టిక్ సీసా.
తలుపుండదు, కాపలా మనిషి ఉంటాడు,
సిగ్గుకి చుక్క కూడా రాదు.
ఈ సిగ్గు కూడా చికిత్సేనా అని అడిగితే
డాక్టరమ్మ నవ్వలేదు.
"కాదయ్యా, తలుపుకి ఇంకా బడ్జెట్ రాలేదు."

ఏడో నెల, ముసురు పట్టిన రాత్రి,
అఫ్జల్‌గంజ్ బస్టాపులో
ఒక పాత చెయ్యి నా భుజం మీద పడింది.
ఆ చేతి పేరు కోర్టులో చెప్పలేదు,
ఇక్కడా చెప్పను.
తెల్లారి లీగల్ ఎయిడ్ జువేరియా మేడం ఒకటే మాట అంది:
"సీసా చెప్పకముందే నువ్వు చెప్పు."

చెప్పాను.
నెత్తి మీద ఫ్యాను కిర్రుమంటూనే ఉంది.
జడ్జి గారు ఫైలు తెరిచారు.
చంచల్‌గూడ గేటు చప్పుడు చెవిలో వినబడింది నాకు.
ఆయన రాసింది ఇంతే:
ఇకపై వారం వారం హాజరు, సీసా రెండుసార్లు.
కళ్లద్దాలు పైకి జరిపి, ఎప్పుడూ అడిగేదే అడిగారు:
"నిద్ర పడుతోందా?"
లేదన్నాను.
అదీ రాసుకున్నారు.

అందరికీ ఇలాగే జరగదు.
బుధవారం నా పక్కన కూర్చునే సర్వర్ భాయ్
రెండు వాయిదాలకు రాలేదు.
బంట్రోతు పిలిచిన పేరు
వరండాలో అటూ ఇటూ తిరిగి
సాయంత్రానికి వారంటు అయింది.
అతని కుర్చీ మేం తీయలేదు.
మధ్యలో ఒక పన్నూడినట్టు
ఆ గుండ్రం అలాగే ఉంది.

ఏడాది నిండిన పొద్దు
అక్క డ్యూటీ చొక్కా విప్పకుండానే వచ్చి
చివరి బెంచీ మీద కూర్చుంది.
సీల్డు కవరు చింపారు, చదివారు,
ఇంగ్లీషులో ఏదో చెప్పి స్టెనో వైపు తిరిగారు.
అక్క గుమాస్తాని పట్టుకుంది.
"ఏమన్నడు సారు?"
"మందలించి వదిలేశారమ్మా."
గుమాస్తాది కోస్తా తెలుగు.
తిట్టి వదిలేశారని అతని లెక్క.
అక్కది పరిగి.
"మందలిచ్చిండా? ఏమని?"
అతను తెల్లమొహం వేస్తే నేనే చెప్పాను:
"నిద్ర పడుతుందా అని, అక్కా. ఏడాదంతా."

మెట్ల మీద జనం మమ్మల్ని తోసుకుంటూ దిగుతున్నారు.
ఎవరి వాయిదానో ఎవరి పేరో పైనుంచి మూడోసారి వినబడింది.
అక్క కొంగుతో నా కాలరు మీద
లేని దుమ్మేదో దులిపింది.
"మరి పడుతుందా?"

కొంచెం, అన్నాను.

రేపు బుధవారం.
పొమ్మనే కాగితం ఇక లేదు.
ఎర్రగడ్డ బస్సు ఏడుంబావుకి.