పాత కొసలు

కొత్తవాడల సొసైటీ కంప్యూటర్
ముసురుపట్టిన బేస్తారం నాడు
నల్ల తెర మీద ఒక్క తెల్ల గీత మిణుక్కుమనుకుంట
అక్కడ్నే ఆగిపోయింది.

"దీనితోటి వచ్చిన సీడీలున్నయా సదయ్యా?"
బీరువ తీసిండు.
జంపఖానాల నమూనా ముక్కలు, జీఎస్టీ కాయితాలు,
మూత లేని గోందు సీస.
ఒక్క సీడీ దొరికింది:
బిడ్డ పెండ్లి వీడియో, రెండో భాగం.

కొన్నప్పుడు అసలు సీడీలే ఇయ్యలేదట.
మీరే చేసుకోండ్రి అని
తెరిసినప్పుడల్లా ఓ మూలకు చిన్న డబ్బ లేచి అడిగేదట,
ఇప్పుడా, తర్వాతనా?
తర్వాత, తర్వాత అని
పన్నెండేండ్లు ఒత్తిండు ఆడెపు సదయ్య.
నేను నవ్వలేదు.
పంటి డాక్టరు రాసిన చీటీ పోయినేడు సంది నా జేబుల్నే ఉన్నది.

ముందుగాల నా పెన్ డ్రైవ్‌ల ఉన్న వేరే సిస్టంతోటి లేపి
లెక్కలు, డిజైన్లు, సభ్యుల పట్టిక
ఒక్కొక్కటే బయటికి తీసిన,
మోకాలిలోతు నీళ్లొచ్చిన ఇంట్ల
బియ్యం మూటలు మంచమెక్కిచ్చినట్టు.

తర్వాత ఆపి, మళ్ల ఒత్తి,
కంపెనీ పేరు కనవడే ఆ రెండు సెకన్లల్ల
ఎఫ్ పదకొండు మీద వేలు,
నాడె ఉరికినట్టు టక టక టక.
మొదటిసారి తప్పింది.
రెండోసారి కరెంటు పోయింది.
మూడోసారికి తెర నీలమైంది.

డిస్కుల పదకొండు జీబీల అర ఒకటి.
దానికి పేరు లేదు, మై కంప్యూటర్‌ల కనవడదు.
కొన్ననాడు ఎట్లున్నదో అట్ల
యంత్రం మొత్తం మడతవెట్టుకొని దాంట్ల పండుకున్నది.
"ఇన్నేండ్లు లోపల్నే ఉన్నదా?"
ఉన్నది.
"మరి ఎవ్వలు చెప్పలె?"

లేచి నన్ను మగ్గం కాడికి తీస్కపోయిండు.
బట్ట కోసినంక గూడ పాత పడుగు అంతా గుంజరు,
అచ్చుల జానెడు కొసలు వదులుతరు.
కొత్త పోగు వచ్చి ఆ కొసకు మెలివడాలె,
బూడిద అద్దిన రెండు వేళ్ల నడుమ,
వెయ్యి పోగులకు వెయ్యిసార్లు.
"కొసలు పోతే మొదటి సంది అచ్చు నింపాలె,
మూడు రోజులు కూలి లేదు."
ఇంకేం అనలె. చాయ్ తెప్పిచ్చిండు.

నలభై నిమిషాలన్నది, రెండు గంటలైంది.
రేకుల మీద వాన.
అరవై రెండు శాతం కాడ నిలవడి
మా ఇద్దరి ఓపిక చూసింది.

లేచింది.
లోపలి బ్యాటరీ చచ్చి
తేదీ రెండువేల పన్నెండు జనవరి అంటున్నది.
దాని లెక్కల తెలంగాణ ఇంకా రాలేదు.
ఎవ్వరిదో పచ్చని కొండ బొమ్మ,
ముప్పై రోజుల ఉచిత వైరస్ మందు,
మేం అడగని నాలుగు ఆటలు.

సభ్యుల పట్టిక తెరిసిన.
తెలుగు లేదు.
పేర్లున్న చోట కొంగల మెడలు, కొడవళ్లు, డాలర్ గుర్తులు,
నెత్తి మీద చుక్కలున్న పరాయి అక్షరాలు.
నూట నలభై మంది నేతగాండ్లు
ఒక్కరూ గుర్తువట్టరాకుండ.
ఫాంటు పోయింది.
అది ఆ అరల ఉండదు.
అర కట్టినోళ్లకు కొత్తవాడ తెల్వదు గదా.

పోచమ్మ మైదాన్ కాడ
షబానా లగ్గం పత్రికల ప్రెస్సుల
ఇంకా ఎక్స్‌పీ తోటే నడిచే మెషీన్ ఒకటున్నది.
తడుసుకుంట పోయి అడుక్కొచ్చిన.
పెట్టంగనే వరుస మీద వరుస,
చిలువేరు కొమురయ్య, గుండేటి ఓదెలు,
వొద్నాల భారతమ్మ.
వేలు తెరకు ఆనిచ్చి చదువుకుంట పోయిండు సదయ్య,
మూడు పేర్ల కాడ ఆగిండు.
ఆ ముగ్గురు లేరు.
వాటా పైసలున్నయి.
"తీసేయాల్నా?"
"ఉండనియ్."

అప్పుడే మూలకు డబ్బ లేచింది,
డిస్కులు ఇప్పుడు చేస్తరా, తర్వాతనా?
ఖాళీ డిస్కులు ఇప్పుడు ఏ దుకాణంల అమ్ముతున్నరో
నాకూ తెల్వదు.
సదయ్య మౌసు మీద చెయ్యి పెట్టి
నా మొకం చూసిండు.