మూడేసి నిమిషాలు

మనిషికి మూడు నిమిషాలు.
పచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం.
ఎర్రది వెలిగాక మాట్లాడిందేదీ
నేను రాయక్కర్లేదు.
పంతొమ్మిదేళ్లుగా ఈ స్కూల్ బోర్డుకి మినిట్స్ రాస్తున్నాను.
అసలు మాట ఎప్పుడూ
ఎర్ర దీపం తర్వాతే వస్తుంది.

టైర్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక
బెల్మర్ ఫెర్రీలో ఇంతమందిని ఒక్కచోట చూడటం ఇదే.
బడి భోజనశాలలో, మూడో తరగతి పిల్లల బల్లల దగ్గర
మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు పెద్దవాళ్లు.
సగంమందివి నీలం చొక్కాలు, సగంమందివి పసుపు.
కొత్త గుడ్డ వాసన ఇంకా పోలేదు.
ఎవరు కుట్టించి పంచారో రాయడానికి
నా ఫారంలో గడి లేదు.

ఏడో అంశం: పాత తివాచీల కొట్టులో చార్టర్ స్కూలు.
"డబ్బు మనది, తాళంచెవి వాళ్లది" అంది ఒక పసుపు చొక్కా.
"ఇప్పుడు మాత్రం తాళంచెవి మన దగ్గరుందా ఏంటి" అంది ఒక నీలం చొక్కా.
అధ్యక్షుడు లోవెల్ స్టెనర్సన్ సుత్తి కొట్టాడు.
రాశాను: సభలో కొంత అలజడి.

డెలోరిస్ పర్విస్ లేచింది.
డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది,
వృద్ధాశ్రమం బ్యాడ్జి ఇంకా మెడలోనే.
"మావాడికి తొమ్మిదేళ్లు.
అటుకుల డబ్బా మీద పులిబొమ్మ చూసి పేరు చదువుతాడు.
పులికి చెయ్యి అడ్డం పెడితే చదవలేడు.
వచ్చే ఏడు, వచ్చే ఏడు అని మూడేళ్లుగా చెప్తున్నారు.
మీ దగ్గర ఏళ్లున్నాయి. వాడి దగ్గర..."
ఎర్ర దీపం.

తర్వాత ఒడాలిస్ బెరియోస్. ఇరవయ్యారేళ్ల టీచరు.
కాగితం తెచ్చుకుంది గానీ విప్పలేదు.
"వెళ్లే పిల్లాడి వెంట డబ్బు వెళ్తుంది.
బాయిలర్ వెళ్లదు. చిల్లుపడ్డ కప్పు వెళ్లదు.
ముప్ఫైమందిలో ఆరుగురు పోతే
పాఠం అయిదో వంతు తగ్గించి చెప్పనా?
చక్రాల కుర్చీ పిల్ల ఎక్కడికి పోవాలి?
చదువు మధ్యలో, ఫిబ్రవరిలో,
చేతిలో చెత్తసంచీలో బట్టలతో వచ్చి చేరే పిల్లాడు
ఎవరి లాటరీలో ఉంటాడు?"
ఎర్ర దీపం.
కూర్చోకుండా వెనక్కి తిరిగింది.
"డెలోరిస్, వాడు నా క్లాసులోనే ఉన్నాడు.
నాకు తెలుసు. నాకు తెలుసు."

రాయలేదు.

ఇంకో సంగతి కూడా రాయలేదు.
సీట్లు నూట పన్నెండు, దరఖాస్తులు మూడువందల నలభై.
చర్చి వాళ్ల దగ్గర అరువు తెచ్చే బింగో డబ్బాలో
తిరగబోయే చీటీల్లో రెండువందల ఏడు
నా మనవడిది.
వాడి అమ్మ ఇదే వంటింట్లో
ట్రేలు కడుగుతుంది, పసుపు చొక్కా వేసుకుని.
దరఖాస్తు నింపినప్పుడు నా బల్ల మీది పెన్నే అడిగి తీసుకుంది.
నేను ఎందుకని అడగలేదు.

ఓటింగు. మూడు, మూడు.
మిగిలింది వెర్లిన్ టాకెట్,
పదిమందిలో ఒక్కరు ఓటేసిన ఎన్నికలో
పదకొండు ఓట్లతో గెలిచిన మంగలి.
ఈ గదిలో సగం తలలు అతని చేతి కింద వంగినవే.
గొంతు సవరించుకున్నాడు.
మూలన బకెట్లో కప్పు చుక్క పడింది,
ఇంకొకటి పడింది.
"అవును" అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.
గట్టిగా చెప్పమని నేనే అడగాల్సొచ్చింది.

నీలం చొక్కాలు లేచి అరిచాయి.
పసుపు చొక్కాలు కోట్ల గుండీలు పెట్టుకున్నాయి.
సభ ముగిసింది: పదకొండూ యాభై రెండు.

బయట సన్నటి మంచువాన.
ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది.
స్టాపులో డెలోరిస్, బ్యాడ్జి మీద చెయ్యి.
గెలిచిన మనిషిలా లేదు.
ఒడాలిస్ పాత కారు వచ్చి పక్కన ఆగింది.
అద్దం దిగింది. ఎవరేం అన్నారో
ఇంత దూరం వినపడలేదు.
ఎక్కుతుందేమోనని చూశాను,
చలి మోకాళ్లలోకి దిగేదాకా చూశాను.
కారు కదల్లేదు, తలుపూ తెరుచుకోలేదు.
ఇండికేటర్ మాత్రం
ఆగకుండా వెలిగి ఆరుతోంది,
పసుపు, పసుపు, పసుపు.