బొమ్మల అట్టలు

పార్వతీపురంలో పాసింజరెక్కి తెరువలిలో దిగితే
సంస్థ మోటారు సైకిలు పావు దూరం,
ముప్పావు నా కాళ్ళు.
సంచిలో ఇరవై నాలుగు బొమ్మల అట్టలు,
హాజరు పట్టీ, జ్వరం మాత్రలు, ఒక ఇత్తడి తవ్వ.
తవ్వ బడిది కాదు, ఆడవాళ్ళ చోళ్ళ నిధిది.
జీతం ఒకటే, పనులు రెండు.

బడంటే డొంబురు పశువుల సాల.
ఆవులు బయటికెళ్ళాక మేం లోపలికి.
తలుపు లేదు గనక
ఆలస్యంగా రావడమనేది కూడా లేదు.

మొదటి నెల్లాళ్ళూ అట్ట ఎత్తి చూపించాను.
"ఘొరొ" అన్నాను.
చూరు నీళ్ళు తప్ప ఎవరూ చప్పుడు చెయ్యలేదు.
"గొఛొ" అన్నాను.
పదకొండు జతల కళ్ళు నా నోటికేసి చూశాయి,
అందులోంచి ఏదో పిట్ట ఎగిరొస్తుందన్నట్టు.
నా ఒడియా మాత్రం సొంతమా?
రాయగడ సంతలో ఉల్లిపాయలు బేరమాడి నేర్చింది.
అరువు తెచ్చి అరువిస్తున్నాను.
నెలాఖరు నివేదికలో ఇలా రాశాను:
పిల్లలు మందకొడిగా ఉన్నారు.
ఆ వాక్యం ఇంకా ఫైల్లోనే ఉంది.
కొట్టెయ్యొద్దని నేనే చెప్పాను.

ఆషాఢంలో ఒక రోజు
మబ్బు కొండ దిగొచ్చి సాలలో కూచుంది.
దసమి తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చింది.
వాడు అట్ట లాక్కుని నోట్లో పెట్టుకోబోతే
విసుగులో మా ఊరి మాటే వచ్చేసింది నాకు:
"తినేది కాదురా అది, ఇల్లు!"

దసమి తలెత్తింది.
"ఇల్లు" అంది.
నేనన్నది తిరిగి అనడం కాదు.
అవతలి కొండ మీద మేక అరిస్తే
తమదేనని గుర్తుపట్టినట్టు.

నా కంటి దగ్గర వేలు పెట్టాను.
"కన్ను" అన్నారు నలుగురైదుగురు.
చెట్టు బొమ్మ ఎత్తాను, చెయ్యి కొంచెం వణికింది.
"మ్రాను."

మ్రాను!
ఎనిమిదో తరగతిలో పద్యానికి అర్థం రాయమంటే
తప్పు రాసి నేను మొట్టికాయ తిన్న మాట.
మేం నిఘంటువులో పడుకోబెట్టి మర్చిపోయిన ముసలిదాన్ని
వీళ్ళు రోజూ ఎక్కుతున్నారు,
ఎండుకొమ్మ విరిచి పొయ్యిలో పెడుతున్నారు.

ఆ పూట నాకు చాలా గర్వమేసింది.
మర్నాటికి దిగిపోయింది.
నీళ్ళని "ఏయు" అన్నారు. నిప్పుని "హిచ్చు" అన్నారు.
ఆ తర్వాత గలగలా ఇంకేవేవో అన్నారు,
ఒక్కటీ అందలేదు.
ఈసారి పదకొండు నోళ్ళకేసి చూడ్డం నా వంతు.
వాళ్ళది మా మాట కాదు, వాళ్ళ మాటే.
చుట్టరికం ఉంటే ఉంది,
అంత మాత్రాన ఇల్లు నాదయిపోదు.

అట్టల వెనకవైపు తెల్లగా ఉంటుంది.
ఒడియా అక్షరాలతో అక్కడ కువి మాటలు రాశాం.
దసమి చెప్పింది, నేను రాశాను,
రెండుసార్లు దిద్దించింది.

మార్గశిరంలో చోళ్ళు ఇళ్ళకొచ్చాయి.
షావుకారు దగ్గరయితే కుంచానికి రెండు కుంచాలు,
నిధి దగ్గర కుంచం మీద ఒక తవ్వ.
మూడేళ్ళుగా పద్దు నేనే రాసేదాన్ని, నేనే చదివేదాన్ని.
ఆడవాళ్ళు వరసగా వేలిముద్ర వేసి
తలలూపి వెళ్ళిపోయేవాళ్ళు.
లెక్క నచ్చిందనే అనుకున్నాను.

ఈసారి దసమి చదివింది, కువిలో,
వేలు పెట్టి, అక్షరం అక్షరం.
సింగరి ముసలమ్మ పొగచుట్ట తీసి పక్కన పెట్టింది.
"ఆగు. మళ్ళీ చదువు."
మళ్ళీ చదివింది.
"నిరుడు నేనిచ్చిన రెండు తవ్వలు ఎక్కడ?"
అప్పుడు ఇంకొకామె లేచింది. ఆమె వెనక ఇంకొకామె.
పొద్దు వాలేదాకా సాలంతా కేకలు.
ఆవులు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడిపోయాయి.
రెండు తవ్వలూ దొరికాయి చివరికి,
నా చేతిరాతలోనే,
వేరే సింగరి పేరు కింద.

మూడు నెలల ఫారంలో
సాధించిన ఫలితాలు అనే గడి దగ్గర
చాలాసేపు కలం పట్టుకు కూచున్నాను.
తగువు, ఒకటి, అని రాశాను.

పట్టజోషి బాబు ఫోను చేశాడు:
తగువుని ఏ పద్దు కింద వెయ్యాలమ్మా?
చదువు కింద అన్నాను.
కొండ మీద సిగ్నలు సరిగా ఉండదు,
విన్నాడో లేదో.