కాంట మీద ముప్పై వేల రెండువందల నలభై

రాత్రి రెండున్నర. మిర్యాలగూడ, వాడపల్లి రోడ్డు.
వడ్ల లారీ కాంట మీదికి ఎక్కి ఆగింది.
ఇంజను బందు జేయమన్న, క్లీనర్ను దిగమన్న.
ఎర్రంకెలు కాసేపు ఊగి
ముప్పై వేల రెండువందల నలభై కాడ
నిలబడ్డయి.

చీటీ కొట్టాల్సిన చెయ్యి
పెన్ను దిక్కు పోయింది.
డిగ్రీల పట్టిన పిచ్చి,
పన్నెండేండ్ల తవుడు దుమ్ముకు గూడ వదల్లేదు.

సగం చేస్తే పదిహేను వేల నూట ఇరవై.
మళ్ళ సగం, మళ్ళ సగం.
ఐదుసార్లు తెగినంక
తొమ్మిదివందల నలభై ఐదు కాడ
రెండు అలిసిపోతది.
మూడు అందుకుంటది, అదీ మూడుసార్లే.
మిగిలిన ముప్పై ఐదును
అయిదూ ఏడూ గెట్టు పంచాయితీ లేకుండ
పంచుకుంటయి.

భాజకాలు తొంభై ఆరు.
ఇంతమందికి శేషం లేకుండ పంచే చెయ్యి
ఈ మిల్లుల బజార్ల నేను చూడలే.
అన్నిటినీ చీటీ వెనక కూడిన:
లక్షా ఇరవై వేల తొమ్మిదివందల అరవై.
సరిగ్గ నాలుగింతలు!
తనను పక్కకు పెట్టినా మూడింతలు.
తన భాగాలు కూడితే తానే అయ్యేది పరిపూర్ణం,
తక్కువైతే న్యూనం, మించితే సమృద్ధం
అని బోర్డు మీద రాసిన అనంతరాములు సారు
ఇంత మించినదానికి ఏం పేరు పెడ్తుండెనో.

"సారూ, చీటీ."
ద్వాళి. దామరచర్ల దిక్కు తండా.
ఆరిండ్ల వడ్లు ఒక్క లారీల ఏసుకొచ్చింది.
బస్తాకు రెండు కిలోల తరుగు అన్నరంట మిల్లుల.
ఆమెకు తెల్సిన భాగహారం అది,
శేషం ఎప్పుడూ అవతలోనికే.

తొవ్వల కారిన గింజల్ని
కొంగుల ఏరుకొచ్చింది, ఒక కిలో ఉంటయేమో.
నేను చూస్తుండగనే
లారీ మీదికి ఇసిరింది.
తెర దిక్కు చూసింది.
అంకె కదల్లే.

"ఎక్కలేదా?"
"ఎక్కలేదమ్మా. ఇది పదులే లెక్కవెడ్తది."
"మరి నేనేసినయి ఏడ వోయినయి?"

ఏం చెప్పాలె.
అందుకేనేమో, పన్నెండేండ్లల
ఈ తెర మీద ఒక్క ప్రధాన సంఖ్య రాలే.
సున్నాతోని ముగిసేది ఎట్లయితది?

చీటీ మీద మిషను చెప్పిందే కొట్టిన.
వెనక పెన్నుతోని
ఒకటి కలిపి రాసిన.
ఆమె చదవలే. మడిచి రొండిన దోపుకున్నది.

లారీకీ లారీకీ నడుమ
ఆ ముప్పై వేల రెండువందల నలభై ఒకటి ముందేసుకున్న.
పదకొండు పెట్టి చూసిన. పదమూడు. పదిహేడు.
చాయ్ వచ్చింది, చల్లారింది.
నలభై ఏడు. ఎనభై మూడు.
ఒకడు తూకం తక్కువొచ్చిందని కొట్లాడి పోయిండు.

ఐదింటికి, కాలువ దిక్కు తెల్లగైతుంటే
ఆఖర్ది, నూట డెబ్బై మూడు.
శేషం నూట ముప్పై తొమ్మిది.

తెగలే.
ఒకటీ, తానూ తప్ప
ఎవ్వలూ దాన్ని పంచలేరు.