దొంగకి

ఫెరారాలో పొగమంచు దిగితే
కోటని కూడా ఎవడో ఎత్తుకుపోయినట్టే ఉంటుంది.
తెల్లారుజామున మూడింటికి, పిండి కలిపే పనికి వెళ్తూ
నేను నమ్మేదల్లా
చక్రాల కింద రాళ్లు చేసే చప్పుడునే.

మొదటి సైకిలుకి తీగ తాళం వేశాను.
పైన పచ్చ ప్లాస్టిక్కు, లోపల నాలుగు ఇనప పోగులు.
ఉల్లికాడ తుంచినట్టు తుంచేశాడు.
రెండు ముక్కలూ గోడ వారన
మర్యాదగా పెట్టి మరీ వెళ్లాడు.

రెండోసారి లావుపాటి గొలుసు కొన్నాను,
ముందు చక్రానికి చుట్టాను.
పని దిగి వచ్చి చూస్తే
చక్రం ఉంది. గొలుసు ఉంది. తాళం చెక్కుచెదరలేదు.
సైకిలే లేదు.
ఆ ఒంటి చక్రాన్ని చంకన పెట్టుకుని ఇంటిదాకా నడిచాను.
దారిలో ఒక్కరూ నవ్వలేదు.
ఈ ఊళ్లో ఏ ఇంటి అటక దులిపినా
ఒక సీటో, గంటో, దేనిదో తెలియని తాళంచెవో
రాలుతుంది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి మొరిగిన కుక్కలా
అడెల్మో కొట్టుకి వెళ్లాను.
డెబ్బై దాటిన మనిషి. గోళ్లలో నూనె.
"సైకిలు ఎంతకి కొన్నావు?"
"ఎనభై."
"తాళానికి నలభై పెట్టు."
నా మొహం చూసి కూడా బేరానికి రాలేదు.
గుర్రపునాడాలా వంచిన ఉక్కు ఒకటి చేతిలో పెట్టాడు.
కిలోన్నర.
పిండి తూచే చెయ్యి, అబద్ధం చెప్పదు.

"వెనక చక్రం, చట్రం, స్తంభం
ఒక్క కౌగిట్లో పడాలి.
కౌగిట్లో సందు మిగల్చకు,
సందులోకే వాడి గడ్డపార దూరేది.
నేలకి ఆనించకు. నేల వాడికి దాగలి,
సుత్తి ఎటూ వాడి దగ్గరే ఉంటుంది.
కన్నం కిందికి చూడాలి,
పైకి చూస్తే వాన తాగుతుంది.
అన్నిటికంటే ముందు స్తంభాన్ని ఊపి చూడు.
కొన్ని ఊరికే నిలబడి ఉంటాయి
పెద్దమనుషుల్లాగా.
ఎత్తితే లేచొచ్చేస్తాయి."

"ఇంత చేస్తే ఇక పోదుగా?"
"ఎందుకు పోదూ! నాలుగు నిమిషాలు పడుతుంది.
పక్కదానికి అర నిమిషం.
దొంగకీ పనివేళలుంటాయి, యొలాండా."

"మీకెలా తెలుసు?" అన్నాను.
రేడియో గొంతు పెంచాడు.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆ చలికాలమంతా
కనిపించిన ప్రతి స్తంభాన్నీ ఊపాను.
రొట్టెల బండి తోసే ఎర్మెస్
"ఊరు పడగొడతావా?" అనేవాడు.
సైకిలు మాత్రం ఉంది.
ఇరుపక్కల సైకిళ్లు మారిపోయాయి,
నాది ఉంది.

జనవరిలో ఒక రాత్రి, ఆలస్యమైన తొందరలో,
తాళం కన్నం పైకే వదిలేశాను.
పొద్దున లోపల మంచు గడ్డ.
ఊదాను, అరచేతులతో కాచాను,
చివరికి కోపం వచ్చి తిప్పాను.
సగం తాళంచెవి వేళ్ల మధ్య,
సగం లోపల.

అడెల్మో నడిచి వచ్చాడు.
ఆయనకి సైకిలు లేదని అప్పుడే గమనించాను.
అరచేయంత తోలు సంచి విప్పుతూ
"అటు తిరుగు" అన్నాడు.
తిరిగాను.
ఎదురుగా గోడ. గోడ వెనక ఏమీ లేదు, మంచు.
చేతిసంచిలో రొట్టెల వెచ్చదనం, మా ఊరి నాలుగు కొమ్ముల రొట్టె,
నడుమన మెలిపెట్టి ముడేసింది.
లోలోపల లెక్కపెట్టాను.
పదిహేడు దగ్గర
టక్.

"నాలుగు నిమిషాలన్నారు కదా!"

"దొంగకి,"
అన్నాడు, సంచి మూతి బిగిస్తూ.

డబ్బు వద్దన్నాడు. రెండు రొట్టెలిస్తే
ఒకటి కోటు జేబులో దోపుకుని, ఒకటి కొరుకుతూ
మంచులోకి దిగిపోయాడు.
మనిషి కనిపించడం మానేశాక కూడా
చాలాసేపు వినిపించింది
వీధి పొడుగునా
ఇనప స్తంభాలు
ఒక్కొక్కటే
వణికిన చప్పుడు.