రెండు బిరడాలు

ఫీడు కొట్టు సుభాషిణి గారి కారు
మార్టేరు సెంటర్లో ఆగకముందే
బెల్లప్పాకం మాడిన వాసన వచ్చింది.
"నీళ్లు తగ్గిపోతన్నాయి రాజబాబూ,
కింద చూత్తే చుక్క లేదు."

చుక్క ఉండదు.
కాలిన ఇనుము మీద పడ్డది నేల దాకా రాదు.
టార్చి వేసి వెతికితే
త్రాటిల్ పక్కన, చిటికెనవేలంత గొట్టం మొదట్లో
గులాబీ రంగు పెచ్చు,
వేసవిలో రొయ్యల చెరువు గట్టు మీద
ఉప్పు లేచినట్టు.

ఆ గొట్టం ఎందుకో ఏసుపాదానికి చెప్పాను.
మంచు కురిసే ఊళ్లల్లో
ఇంజను పీల్చే గాలిదారి గడ్డకట్టకుండా
వేడినీళ్లు తిప్పడానికి.
వాడు మోచేత్తో చెమట తుడుచుకుని
చాలాసేపు నవ్వాడు.
మే నెల, గోదారి పాయల మధ్య,
ఎన్నడూ రాని చలి కోసం
పదేళ్లుగా కాపలా తిరుగుతున్న నీళ్లు!

తీసేశాం.
లేతు మస్తాను ఇత్తడి కడ్డీలోంచి
రెండు బిరడాలు తిప్పి ఇచ్చాడు,
పోయే నోటికొకటి, తిరిగొచ్చే నోటికొకటి.
బోల్టు ముక్క దూర్చి తీగ చుట్టే పని కాదిది.
అలాంటిదొకటి పోయిన నెల
సిద్ధాంతం వంతెన మీద కక్కేసింది,
పెళ్లివారి బండి.

టర్బో సెగకి ఒరుసుకుంటున్న హీటరు గొట్టాన్ని
వెనక గోడ వారగా మళ్లించాం.
మళ్లించడమంటే విరవడం కాదురా అన్నాను,
కాలవైనా గొట్టమైనా
వంపు దగ్గరే కోసుకుపోద్ది.

అప్పుడడిగాడు వాడు,
టర్బో పొట్టలోంచి పైకి పోయే సన్నదాన్ని పట్టుకుని:
"ఇదీ చల్లగానే ఉందండి, ఏం ఆడతన్నట్టు లేదు.
ఇంకో బిరడా చేయించేద్దామేంటి?"

నా చేతిలో పానా ఆగింది.

మా పెదనాన్న గంగులు కాలవ మీద లస్కరు.
గట్టు కింద ఒక తూము
తొమ్మిదేళ్లు ఎండి, తొండలు కాపురం పెట్టింది.
దాని గురించి ఆఫీసరు అడగలేదు, రైతులు అడగలేదు.
కాలవ కట్టేసిన నెలలో
ఎందుకిది అనుకుని
ఆయనే మట్టి కొట్టి మూశాడు.
ఆ కార్తీకంలో తుపాను.
చేలో నీళ్లు దారి వెతుక్కుంటూ
సరిగ్గా అక్కడి దాకా వచ్చి నిలబడ్డాయి,
కోతకొచ్చిన స్వర్ణ మీద, నూట పాతిక ఎకరాలు.
చీకట్లో పార పట్టుకుని పరుగెత్తాడు గానీ
తూము ఎక్కడుందో ఆయనకే దొరకలేదు.
ఆ తర్వాత ఏ తూము పక్క నుంచి వెళ్లినా
చెప్పులు చేత్తో పట్టుకునేవాడు.

ఇదంతా ఏసుపాదానికి చెప్పలేదు.
కూలెంటు పోసి, మూత తీసి, గాలి బుడగలు
పొంగి పొంగి ఆగిందాకా కూర్చున్నాం.
కొత్తనీరు వదిలిన రోజు కాలవ నురగలాగే ఉంటాయవి,
చెత్తా చెదారం లేదంతే.
పెనుగొండ దాకా గట్టిగా తోలి వెనక్కొచ్చి
తాళం తిప్పి ఆపాను.

పంపు ఆగింది. బెల్టు ఆగింది.
ఇప్పుడు పట్టుకో అన్నాను.

పట్టుకుని, చటుక్కున వదిలి
చెవి తమ్మె పట్టుకున్నాడు.
ఎవరూ తోయకుండానే
ఎర్రగా కాగిన గుండెలోంచి
నీళ్లు పైకి పోతున్నాయి, కింద నుంచి చల్లవి వస్తున్నాయి.
బండి నిలబడ్డాకే దానికి అసలు పని.
మళ్లీ పట్టుకున్నాడు, ఈసారి గుడ్డతో,
సన్నబడిందాకా వదల్లేదు.

పొద్దుగూకి సుభాషిణి గారు వచ్చారు.
రాత్రికి మళ్లీ చెరువుల మీదికి పోవాలట,
ఆక్సిజన్ పడిపోతోందని ఫోన్లు.
కాగితం మీద రాశాను:
ఇత్తడి బిరడాలు రెండు. గొట్టం మూరెడు. క్లిప్పులు నాలుగు.
ముట్టుకోకుండా వదిలేసింది ఒకటి.

ఆమె కళ్లజోడు సర్దుకుని
చివరి గీత దగ్గర వేలు పెట్టారు:
"దీనికెంతండీ?"